ఒంటిగంట ఫిరంగి, నాన్న చప్పట్లు

స్కాట్లాండ్ వానకి మన తెలుగులో ఉన్న పేర్లేవీ సరిపోవు. జల్లు కాదు, ముసురు కాదు, కుండపోత అంతకన్నా కాదు. పైనుంచి పడితే కదా వాన అనడానికి, ఇది పక్కనుంచి వస్తుంది. ఎవరో ఎదురుగా నిలబడి మొహం మీద స్ప్రే కొడుతున్నట్టు ఉంటుంది. గొడుగు వేసుకుంటే రెండో నిమిషంలో అది తిరగబడి గిన్నె అవుతుంది. ఊళ్ళోవాళ్ళు గొడుగు జోలికే పోరు. గొడుగుతో కుస్తీ పడుతూ ఎవరైనా కనిపిస్తే టూరిస్టు అని లెక్క. అలాంటి వానలో, 2023 సెప్టెంబర్‌లో ఒక శనివారం, డెబ్భై ఒక్క ఏళ్ళ మా నాన్నని వెంటపెట్టుకుని ఎడిన్‌బరా కోట చూడ్డానికి బయల్దేరాను.

(పేరు సంగతి ముందే చెప్పేస్తాను. స్పెల్లింగ్ చూస్తే ఎడిన్‌బర్గ్ అనాలనిపిస్తుంది. అలా అంటే వాళ్ళు మర్యాదగా నవ్వి ఊరుకుంటారు. వాళ్ళు పలికేది 'ఎడిన్‌బ్రా'కి దగ్గరగా ఉంటుంది. మా నాన్న మాత్రం చివరిదాకా ఎడింబరో అనే అన్నారు. చిన్నప్పుడు వాళ్ళ మాస్టారు అలాగే చెప్పారట.)

అప్పట్లో మేము గ్లాస్గోలో ఉండేవాళ్ళం. కంపెనీ పంపిన రెండేళ్ళ ప్రాజెక్టు. అమ్మ పోయి ఏడాదిన్నర అయింది. నాన్న హైదరాబాదులో, మెహిదీపట్నం ఇంట్లో ఒక్కరే ఉంటున్నారు. చెల్లెలు ఊళ్ళోనే ఉంది కాబట్టి వారానికోసారి వెళ్ళి చూసొస్తుంది. "రెండు నెలలు ఇక్కడికి రండి నాన్నా" అంటే, "అక్కడికొచ్చి నేనేం చెయ్యాల్రా" అని ఆర్నెల్లు బెట్టు చేసి చివరికి వచ్చారు.

వచ్చాక తెలిసింది, ఆయనకి సరిగ్గా వినపడట్లేదని. ఫోన్లో ఎప్పుడూ అనుమానం రాలేదు. ఎందుకంటే ఫోన్లో ఆయన పాత్ర "ఊ.. ఊ.. అంతా బానే ఉంది.. ఉంటా మరి" అంతే. ఇక్కడికొచ్చాక చూస్తే టీవీ సౌండు నలభై దగ్గర ఉంది. పక్క ఫ్లాట్ పెద్దావిడ ఒకసారి తలుపు కూడా కొట్టింది. ఓ రోజు మా ఆవిడ "మావయ్యగారూ, చారు పొయ్యనా?" అంటే, "కారు పోయిందా? ఎప్పుడూ?" అని కంగారుగా లేచి నిలబడ్డారు. ఆ రోజు అందరం పడీ పడీ నవ్వాం, ఆయనతో సహా. కానీ అలాంటివి రోజుకి పది జరిగితే నవ్వు రాదండీ, చిరాకొస్తుంది. నాకొచ్చింది. కోటకి వెళ్ళే ముందు రోజు సాయంత్రం, ఆఫీసు కాల్ ముగించి బయటికొచ్చి ఏదో చెప్తుంటే ఆయన మూడోసారి "ఏంటీ?" అన్నారు. "ఏం లేదు, వదిలేయండి" అని అరిచాను. ఆయన ఏమీ అనలేదు. టీవీ కట్టేసి గదిలోకి వెళ్ళిపోయారు.

పొద్దున లేచి చూస్తే వాన. పాపకి జలుబు, కాబట్టి పాపా, మా ఆవిడా రాము అన్నారు. మామూలుగా అయితే నేను కూడా దుప్పటి కప్పుకునేవాణ్ణే. కానీ రాత్రి అరిచాను కదా. పైగా టికెట్లు ముందే కొనేశాను, స్లాట్ పదకొండున్నర. ఒక్కొక్కటి పదిహేను పౌండ్ల పైమాటే. ఇలాంటప్పుడు పశ్చాత్తాపం, పిసినారితనం రెండూ ఒకే వైపు లాగుతాయి :)

గ్లాస్గో క్వీన్ స్ట్రీట్‌లో రైలెక్కితే గంటలోపే ఎడిన్‌బరా వేవర్లీ. స్టేషన్‌లోంచి బయటపడగానే పైన కోట కనిపించాలి. మాకు మబ్బు కనిపించింది. "ఏదిరా కోట?" అన్నారు నాన్న. "అక్కడే ఉండాలి" అన్నాను, డెమో రోజున పని చెయ్యని సాఫ్ట్‌వేర్ గురించి క్లయింటుకి చెప్పినట్టు.

ఆ కోట కట్టిన గుట్ట ఒకప్పటి అగ్నిపర్వతం నోట్లో గడ్డకట్టిన రాయి. ముప్ఫై అయిదు కోట్ల ఏళ్ళ కిందటిదని చెప్తారు. తర్వాత మంచుయుగంలో హిమనదాలు పడమటి నుంచి వచ్చి చుట్టూ ఉన్న మెత్తటి నేలంతా గీకేశాయి. ఈ గట్టిరాయి మాత్రం లొంగలేదు. దాని చాటున తూర్పు వైపు కొంత మట్టీ రాయీ తోకలాగా మిగిలిపోయింది. అందుకే కోటకి మూడు వైపులా నిట్టనిలువు కొండ, ఒక్క తూర్పున మాత్రం ఏటవాలు. ఆ తోక మీద కట్టిన వీధే రాయల్ మైల్. నాన్నకి మోకాళ్ళ నొప్పులు. పది అడుగులేసి ఒక కొట్టు చూరు కింద ఆగడం, మళ్ళీ పది అడుగులు. ఆ చూరుల కిందే ఆయన శాలువాల రేట్లన్నీ చూసేశారు. రూపాయల్లోకి మార్చి "అమ్మో" అనుకోవడం ఇంకో కార్యక్రమం.

లోపలికి వెళ్ళాక ఆడియో గైడ్ తీసుకున్నాం. చెవికి పెట్టుకుని, ఒక్కో చోట ఒక్కో నంబరు నొక్కితే ఆ చోటు కథ చెప్పే పరికరం. నాన్నకి సౌండు పూర్తిగా పెంచి ఇచ్చాను. అది కూడా వినపడదేమో అని నా భయం. కాసేపయ్యాక చూస్తే ఆయన ఒక్కరే నవ్వుకుంటున్నారు. తర్వాత నా దగ్గరికొచ్చి, "ఈ గుట్ట వెనక వైపు నుంచి 1314లో ముప్ఫై మంది రాత్రిపూట ఎక్కొచ్చి కోట పట్టేసుకున్నార్రా. దారి తెలిసినవాడు ఒకడు ముందు నడిచాట్ట" అని నాకే చెప్పారు. "గోల్కొండకి ఎనిమిది నెలలు ముట్టడి పట్టింది. అదైనా లోపలివాడు తలుపు తీస్తేనే" అని కూడా కలిపారు. 1687లో ఔరంగజేబు సంగతి. ఇరవై రోజుల్లో ఆయన నాతో వరసగా అన్ని మాటలు మాట్లాడటం అదే మొదలు.

అప్పటికైనా నా బుర్రకి వెలగాలి. వెలగలేదు. ఏదో కోట చూసి హుషారొచ్చింది అనుకున్నాను.

మాన్స్ మెగ్ అని ఒక పెద్ద ఫిరంగి ఉంది అక్కడ. 1449లో ఇప్పటి బెల్జియంలోని మాన్స్ అనే ఊళ్ళో చేశారు. ఆరు టన్నుల బరువు, నూటయాభై కిలోల రాతిగుండు వేసేదట. దాని పక్కనే పన్నెండో శతాబ్దపు చిన్న చర్చి, ఆ ఊళ్ళో ఇప్పటికీ నిలిచి ఉన్న కట్టడాల్లో అదే పాతది. లోపల పట్టుమని పాతికమంది పడతారు. వాన పుణ్యమా అని మేం వెళ్ళేసరికి అందులో యాభైమంది ఉన్నారు, భక్తి వల్ల కాదు :)

కిరీటం ఉన్న గది దగ్గర పెద్ద క్యూ. స్కాట్లాండ్ రాజుల కిరీటం, రాజదండం, ఖడ్గం ఉంటాయి. 1707లో ఇంగ్లండుతో కలిసిపోయాక వీటితో పనిలేక ఒక పెట్టెలో పెట్టి తాళం వేసి, ఆ గదికి గోడ కట్టేశారు. నూట పదకొండేళ్ళు అలాగే ఉన్నాయి. అసలు ఉన్నాయో, లండన్ వాళ్ళు ఎత్తుకుపోయారో అని జనానికి అనుమానం. 1818లో సర్ వాల్టర్ స్కాట్ అనుమతి తెచ్చి తెరిపిస్తే బట్టలో చుట్టి పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి.

అప్పట్లో ఆ కిరీటం పక్కనే ఇంకో వస్తువు ఉండేది. స్టోన్ ఆఫ్ డెస్టినీ అంటారు. పాత రాజులు పట్టాభిషేకం చేసుకున్న రాయి. 1296లో ఇంగ్లండు రాజు మొదటి ఎడ్వర్డ్ ఎత్తుకెళ్ళి లండన్లో తన సింహాసనం కింద బిగించుకున్నాడు. 1950 క్రిస్మస్ రోజున నలుగురు గ్లాస్గో విద్యార్థులు దాన్ని వెస్ట్‌మినిస్టర్ ఆబీ నుంచి దొంగిలించారు. ఆ హడావిడిలో అది రెండు ముక్కలైంది కూడా. నాలుగు నెలలకి దొరికింది, మళ్ళీ లండన్ పట్టుకెళ్ళారు. చివరికి 1996లో అధికారికంగా వెనక్కిచ్చారు. (మేం చూసిన తర్వాత, 2024 మార్చిలో, దాన్ని పెర్త్ ఊళ్ళో కొత్తగా తెరిచిన మ్యూజియానికి మార్చారు. ఇప్పుడు వెళ్ళేవాళ్ళు కోటలో వెతక్కండి.)

నాన్న అద్దంలోంచి రాయిని చాలాసేపు చూశారు. "దీనికా ఇంత గొడవ? తెనాలిలో మా పెరట్లో బట్టలుతికే బండ ఇంతకన్నా నున్నగా ఉండేది" అన్నారు. తర్వాత, "ఎన్నాళ్ళకిచ్చారు?" అన్నారు. ఏడొందల ఏళ్ళు అన్నాను. వేళ్ళ మీద లెక్కేసుకుని, "అయితే మన కోహినూరు 1849లో తీసుకున్నారు కదా, 2549కి ఇస్తారు. పాపకి చెప్పి ఉంచు" అన్నారు. పక్కనున్న గుజరాతీ ఆయనకి ఇంగ్లీషులో చెప్తే ఆయన కూడా నవ్వాడు.

కింద నేలమాళిగల్లో ఖైదీల గదులున్నాయి. పద్దెనిమిదో శతాబ్దపు యుద్ధాల్లో పట్టుబడ్డ ఫ్రెంచివాళ్ళు, అమెరికన్లు, ఇంకా చాలా దేశాలవాళ్ళని అక్కడ పెట్టారు. వాళ్ళు కూర్చున్న చోట ఊరుకోకుండా తలుపు చెక్కల మీద పేర్లు, ఓడలు, బొమ్మలు చెక్కారు. ఒక ఓడ మీద అప్పుడే పుట్టిన అమెరికా జెండా కూడా ఉంది. నాన్న ఆ చెక్కని చూసి "రామదాసు" అన్నారు. అంతే. గోల్కొండ కోటలో రామదాసు బందిఖానా చూసినవాళ్ళకి ఇంకేం చెప్పక్కర్లేదు. అక్కడా గోడ మీద సీతారాములు, హనుమంతుడు చెక్కి ఉంటారు. మనిషిని చీకట్లో పెట్టి తాళం వేస్తే, ఎవరికో ఒకరికి తను ఉన్నానని చెప్పుకోవాలి కదా.

ఇదంతా అయ్యేసరికి పన్నెండూ ముప్పావు. ఒంటిగంటకి ఫిరంగి పేలుస్తారు, అది చూడాలి.

ఈ ఫిరంగి గురించి కొంచెం ఎక్కువ చెప్తాను, నా వృత్తికి సంబంధించిన విషయం కనక. ఆ రోజుల్లో ఓడలకి అన్నిటికన్నా ముఖ్యమైనది సరైన టైము. సముద్రం మీద తూర్పు పడమరల్లో తామెక్కడున్నారో తేల్చుకోవాలంటే గడియారమే ఆధారం. గడియారం నాలుగు సెకన్లు తప్పితే, భూమధ్యరేఖ దగ్గర ఒక నాటికల్ మైలు తప్పినట్టే. అందుకని లీత్ రేవులో ఆగిన ఓడలవాళ్ళు చూసుకోవడానికి, కాల్టన్ హిల్ మీద నెల్సన్ స్తంభం పైన 1852లో ఒక పెద్ద బంతి అమర్చారు. సరిగ్గా ఒంటిగంటకి అది కిందకి జారుతుంది. ఓడలో ఉన్నవాడు దుర్భిణితో చూసి గడియారం సరిచేసుకుంటాడు. మన సర్వర్లన్నీ ఇప్పుడు నెట్వర్కు మీద చేసే పనే ఇది.

బాగానే ఉంది, కానీ ఊరు ఎడిన్‌బరా. సముద్రం మీంచి పొగమంచు వస్తుంది, 'హార్' అంటారు దాన్ని. వచ్చిందంటే బంతి కాదు కదా, కొండే కనపడదు. అప్పుడు స్కాట్లాండ్ ఆస్థాన ఖగోళశాస్త్రవేత్త పియాజీ స్మిత్ హయాంలో, 1861లో, కోట మీద ఫిరంగి పెట్టారు. కొండ మీద అబ్జర్వేటరీ గడియారం నుంచి కోటదాకా నాలుగు వేల అడుగుల పైచిలుకు తీగ వేలాడదీసి, కరెంటుతో పేల్చేవారు. కనపడకపోతే వినపడుతుంది కదా అని.

అయితే వెలుతురుకి లేని ఇబ్బంది శబ్దానికి ఉంది. కిలోమీటరుకి మూడు సెకన్లు పడుతుంది. లీత్ రేవుకి చేరేసరికి పది సెకన్లు దాటుతుంది. నాలుగు సెకన్లకి ఒక మైలు అనుకున్నాం కదా! దానికీ విరుగుడు కనిపెట్టారు. ఊరి మ్యాప్ మీద కోట చుట్టూ వలయాలు గీసి, ఏ వలయంలో ఉన్నవాళ్ళు ఎన్ని సెకన్లు తీసెయ్యాలో అచ్చువేసి ఇచ్చారు. నూట అరవై ఏళ్ళ కిందటే లేటెన్సీ మ్యాప్ అన్నమాట! నేను ఆఫీసులో దీని గురించి చెప్తే ఒక్కడు కూడా ఆశ్చర్యపోలేదు, అది వేరే విషయం.

ఇప్పుడు ఓడలకి దీంతో పని లేదు. అయినా ఆదివారాలు, గుడ్‌ఫ్రైడే, క్రిస్మస్ తప్ప రోజూ పేలుస్తారు. పన్నెండింటికి కాకుండా ఒంటిగంటకే ఎందుకు అంటే, పన్నెండు గుళ్ళు ఖర్చవుతాయి కాబట్టి అని స్కాట్లాండ్ వాళ్ళు తమ మీద తామే వేసుకునే జోకు. ఇది నాన్నకి రెండుసార్లు చెప్పాల్సొచ్చింది. రెండోసారి చెవి దగ్గర నోరు పెట్టి చెప్పాను. "మా పెద్దన్నయ్య అయితే అదీ మానేసేవాడు" అన్నారు.

వానలోనే రెండొందల మంది గోడ దగ్గర గుమిగూడారు. "సాలార్‌జంగులో గడియారం ముందు కూర్చున్నట్టుంది" అన్నారు నాన్న. నిజమే, అదే నిశ్శబ్దం, అదే ఎదురుచూపు. ఒక సైనికుడు నడుచుకుంటూ వచ్చి ఫిరంగి పక్కన నిలబడ్డాడు. నాన్న ఆడియో గైడ్ తీసి జేబులో పెట్టుకున్నారు. నేను చెవులు మూసుకున్నాను. ఆయన మూసుకోలేదు.

ధన్ మని పేలింది. చెవుల్లో కాదు, ఛాతీలో తగులుతుంది ఆ శబ్దం. పిల్లలు ఏడ్చారు, పావురాలు లేచాయి. తిరిగి చూస్తే నాన్న మొహం వెలిగిపోతోంది. కళ్ళజోడు నిండా వాన చినుకులు. "వినపడిందిరా!" అన్నారు, ఏదో పరీక్ష పాసైనట్టు.

అప్పుడు తెలిసింది నాకు. ఈయనకి తన చెవుల సంగతి తెలుసు. మాకన్నా ముందే తెలుసు.

అక్కడే ఉన్న కెఫేలో సూపు తీసుకుని కూర్చున్నాం. బట్టలనుంచి నీళ్ళు కారుతున్నాయి. నాన్న అన్నారు, "గోల్కొండలో నా ఉద్యోగం కూడా ఇదే కదరా."

ఆ ఉద్యోగం ఏంటో చెప్పాలి. మా చిన్నప్పుడు తెనాలి నుంచి చుట్టాలు హైదరాబాదు చూడ్డానికి మా ఇంటికే దిగేవాళ్ళు. చార్మినార్, జూ పార్కు, సాలార్‌జంగ్, బిర్లా మందిర్, గోల్కొండ. ఏడాదికి రెండు మూడు బ్యాచీలు. గోల్కొండలో బాలాహిస్సార్ దర్వాజా దాటగానే కమాను కింద నిలబడి చప్పట్లు కొడితే, అంత పైన బారాదరిలో వినపడుతుంది కదా. శత్రువులొస్తే పైకి కబురు చెయ్యడానికట. అది చూపించకుండా చుట్టాల్ని పంపిస్తే మనకి పరువు తక్కువ. కానీ చప్పట్లు కొట్టడానికి కింద ఒకళ్ళు ఉండాలి. ఎప్పుడూ నాన్నే ఉండేవారు. సెల్‌ఫోన్లు లేవు. చేతికి ఉన్న హెచ్ఎంటీ వాచీ చూసి, "సరిగ్గా పదకొండున్నరకి మొదలుపెడతా, పదిసార్లు కొడతా, పైన చెవులు పెట్టుకుని ఉండండి" అని చెప్పి మా అందర్నీ పైకి పంపేవారు. చెప్పులు, సంచులు, ఎక్కలేని ముసలివాళ్ళు ఆయన దగ్గరే.

"అన్నేళ్ళు కొట్టాను గానీ నేనెప్పుడూ పైకెక్కలేదురా" అన్నారు నాన్న, సూపు తాగుతూ. "ఇంతకీ నేను కొట్టేవి మీకు వినపడేవా?"

"భలేవారే, స్పష్టంగా వినపడేవి" అన్నాను.

అబద్ధం. అంటే పూర్తి అబద్ధం కాదు. ఒకటి రెండుసార్లు విన్నాను. మిగతా అన్నిసార్లూ పదకొండున్నర అయ్యేసరికి మేం ఇంకా రామదాసు బందిఖానా దగ్గరే ఉండేవాళ్ళం, లేకపోతే పైకి చేరి కూడా పులిహోర పొట్లాలు విప్పుకుని ఫోటోల గొడవలో ఉండేవాళ్ళం. ఎవరో ఒకరు "అరే, చప్పట్ల టైమైపోయిందే" అనేవారు. ఇంకెవరో "వినపడ్డాయని చెప్పేద్దాంలే" అనేవారు. కిందకి దిగగానే నాన్న మొదటి ప్రశ్న "వినపడిందా?" అందరం ఒకే గొంతుతో "ఓ!"

మా ఫీల్డులో ఏదైనా సమాచారం పంపితే, అవతలి మెషీన్ అందిందని తిరిగి కబురు పంపాలి. అందకపోయినా అందిందని చెప్పే మెషీన్ ఉంటే దాన్ని ఆ రోజే తీసి పారేస్తాం. మేం అలాంటి మెషీన్లం అన్నమాట. ఇన్నేళ్ళకి ఆయన నా మాట వినపడక "ఏంటీ?" అని నిజాయితీగా అడిగితే, "ఏం లేదు, వదిలేయండి" అన్నది కూడా నేనే.

ఇక్కడ నా గోల ఆపి పనికొచ్చే సంగతులు నాలుగు చెప్తాను. మీ ఇంట్లో కూడా పెద్దవాళ్ళు ఉంటే చదవండి.

వయసుతో వచ్చే చెవుడు అన్ని శబ్దాల్నీ సమానంగా తగ్గించదు. ముందు పైస్థాయి శబ్దాలు పోతాయి. అచ్చులు వినపడతాయి, స, చ, ట, త లాంటి హల్లులు జారిపోతాయి. అందుకే చారు కారు అవుతుంది. అందుకే వాళ్ళు "వినపడుతోంది గానీ అర్థం కావట్లేదు" అంటారు. మనం గట్టిగా అరిస్తే అచ్చులే పెద్దవవుతాయి తప్ప హల్లులు రావు, పైగా వినేవాళ్ళకి తిట్టినట్టు ఉంటుంది. మొహానికి ఎదురుగా ఉండి, టీవీ ఆపి, కొంచెం నిదానంగా మాట్లాడితే సగం పని అవుతుంది. ఫిరంగి మోత అంతా కింది స్థాయిలో ఉంటుంది, అందుకే అది నాన్నకి నిక్షేపంలా వినపడింది. ఆడియో గైడ్ పక్క గోలేమీ లేకుండా నేరుగా చెవిలో చెప్పింది, సౌండు కూడా నిండుగా ఉంది. అందుకే అదీ పనిచేసింది. అంటే దారి మూడు గంటలపాటు నా కళ్ళ ముందే ఉంది.

ఇంకోటి. మధ్యవయసు నుంచీ వచ్చే వినికిడి లోపాన్ని పట్టించుకోకపోవడం మతిమరుపు జబ్బుకి దారితీసే, మనం మార్చుకోగలిగిన కారణాల్లో ఒకటని లాన్సెట్ కమిషన్ 2017లో చెప్పింది, 2020లో, 2024లో మళ్ళీ చెప్పింది. కళ్ళజోడు పెట్టుకుంటే చదువుకున్నవాడిలా ఉన్నాడంటాం, చెవికి మిషను పెట్టుకుంటే ముసలాడైపోయాడంటాం. ఈ తేడా ఎవరు పెట్టారో గానీ, దానివల్ల మన పెద్దవాళ్ళు చాలామంది ఇంట్లో మనుషుల మధ్యే ఒంటరిగా కూర్చుంటున్నారు.

నవంబర్‌లో హైదరాబాదు వెళ్ళాక చెల్లెలు నాన్నని ఆడియాలజిస్టు దగ్గరికి తీసుకెళ్ళింది. "చెవిటోణ్ణని బోర్డు కట్టుకుని తిరగాలా?" అన్నారట. నేను ఫోన్లో "ఆడియో గైడ్ అనుకోండి నాన్నా" అన్నాను. రెండు చెవులకీ కలిపి నా లాప్‌టాప్ అంత ఖరీదు అయింది. మొదటి పది రోజులూ అవి సొరుగులోనే ఉన్నాయి. పేపరు తిప్పితే చప్పుడు, ఫ్యాను చప్పుడు, కుక్కరు కూత చెవులు చిల్లులు పడేట్టు వినపడుతున్నాయని ఫిర్యాదు. అది మామూలేనట. ఇన్నాళ్ళూ లేని శబ్దాలకి మెదడు అలవాటు పడాలి, రెండు మూడుసార్లు వెళ్ళి సరిచేయించుకోవాలి. ఈ ఓపిక లేకే చాలామంది కొని మూల పడేస్తారు. మా చెల్లెలికి ఓపిక ఉంది కాబట్టి సరిపోయింది.

2024 సంక్రాంతికి మేం ముగ్గురం హైదరాబాదు వెళ్ళాం. కనుమ మర్నాడు గోల్కొండకి బయల్దేరదీశాను. పాతిక రూపాయల టికెట్టు, మంచి ఎండ, గొడుగు అవసరం లేదు. ఈసారి కింద డ్యూటీ మా పాపకి, వాళ్ళమ్మకి. నేను ఇంజినీరుని కదా, ఒక పద్ధతి పెట్టాను. కమాను కింద వచ్చే పోయే ప్రతివాడూ చప్పట్లు కొడుతూనే ఉంటాడు, అందులో మనవి ఏవో తెలియాలి. అందుకని పాపకి చెవిలో చెప్పాను, "నేను ఫోన్ చెయ్యగానే మూడు కొట్టు, కొంచెం ఆగు, మళ్ళీ రెండు కొట్టు." ఈ సంగతి నాన్నకి చెప్పలేదు.

మూడొందల అరవైకి పైగా మెట్లు. ఆయన మోకాళ్ళతో గంటన్నర పట్టింది. రామదాసు బందిఖానా దగ్గర ఒక విశ్రాంతి, అమ్మవారి గుడి దగ్గర ఒక విశ్రాంతి. చివరికి బారాదరికి చేరాం. ఊరంతా కిందుంది. నాన్న ఏ వైపూ చూడలేదు. గోడ దగ్గరికి వెళ్ళి, మిషన్లు ఒకసారి సర్దుకుని, కళ్ళు మూసుకుని నిలబడ్డారు. నేను ఫోన్ చేశాను.

నాకు స్పష్టంగా వినపడ్డాయి. మూడు. కాస్త ఆగి, రెండు.

"ఎన్ని వినపడ్డాయి నాన్నా?" అన్నాను.

"మూడు."

"తర్వాత?"

"తర్వాతేం లేవురా. మూడే."

సరేలే, మూడైనా వినపడ్డాయి కదా అనుకున్నాను. పాపకి ఫోన్ చేసి "తాతయ్యకి మూడు వినపడ్డాయిరా" అన్నాను. పాప అంది, "మూడే కొట్టాను నాన్నా. ఆ తర్వాత స్కూలు పిల్లలు బోలెడుమంది వచ్చేశారు, అమ్మ పక్కకి లాగేసింది."

ఫోన్ స్పీకర్‌లో ఉంది. నాన్న కళ్ళు తెరిచి నా వైపు చూశారు. మరి నాకు వినపడ్డ ఆ రెండూ ఏవిటో ఇప్పటికీ తెలీదు. వినపడాలి అనుకున్నాను కాబట్టి వినపడ్డాయేమో. ఆయన మాత్రం కొట్టినవే విన్నారు.

"ఎవరికిరా మిషను పెట్టించాల్సింది?" అన్నారు.

దిగేటప్పుడు ఒక చేయి గోడకీ, ఒక చేయి నా భుజానికీ ఆనించి మెల్లగా దిగారు. సగం దారిలో, "ఆ రోజుల్లో మీకు నిజంగా వినపడేవా?" అని మళ్ళీ అడిగారు. ఈసారి నిజం చెప్పాను. ఒకటి రెండుసార్లే అని, మిగతావన్నీ పులిహోర అని. ఆయన చాలాసేపు నవ్వారు. "నాకు తెలుసులేరా. ఓసారి నాకు ఫోన్‌ వచ్చిందని ఆఫీసు మనిషి వెతుక్కుంటూ వస్తే చప్పట్లు కొట్టకుండానే బయటికెళ్ళొచ్చా. ఆ రోజు కూడా అందరూ వినపడిందనే చెప్పారు."